పండుగ భారము – లక్కమ్మ కొలత

పోలాల అమావాస్య వెళ్ళి కొత్తమ్మతల్లి జాతరకు కోటబొమ్మాళి వీథులలో పందిళ్ళు లేచినది మొదలు, మహాశివరాత్రికి శ్రీముఖలింగము దారి జనముతో నిండువరకు, శ్రీకాకుళము సీమలో పండుగలకు విరామముండదు. వినాయక చవితి, దసరా, దీపావళి, నాగుల చవితి, రావివలసలో ఎండల మల్లికార్జునుని సన్నిధిని కార్తిక సోమవారములు, ఆపై నెలగంటతో మొదలగు ధనుర్మాసము, భోగి, సంక్రాంతి, కనుమ – ఆరు మాసములు ఒకదాని వెంట నొకటి తరుముకొని వచ్చును. ఇవన్నియు సంతోషము కొరకు పెద్దలు ఏర్పరచిన దినములే. అయినను పండుగకు ముందటి వారమున ఏ యింటి గడప త్రొక్కి చూచినను వినవచ్చునది సంతోషపు మాట కాదు. గోడలకు సున్నము కాలేదని ఒకరు, రైలులో చోటు దొరకలేదని ఒకరు, అల్లునికి బట్టలు పెట్టుటకు సొమ్మెక్కడిదని ఒకరు, నడుము లేవకున్నదని ఒకరు. అందరును పండుగ కొరకే పాటుపడుచుందురు. అందరును ఒకరిపై నొకరు విసుగుకొనుచుందురు. ఈ ఒత్తిడి యెక్కడ పుట్టుచున్నది, దానిని తగ్గించుకొను తెరువేది యనునదియే ఈ పాఠమున విచారింపబడు విషయము.

ఒత్తిడి యనునది తెలుగువారికి క్రొత్త మాట కాదు. గానుగలో నువ్వు అనుభవించునది ఒత్తిడియే. దానిని దేహధర్మముగ పరిశోధించి చెప్పినవారిలో ముఖ్యుడు హాన్స్ సెల్యే. 1907లో వియన్నాలో జన్మించి, కెనడా దేశమున మాంట్రియల్ నగరమునందు పనిచేసిన ఈ శాస్త్రజ్ఞుడు 1936లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించెను. చలి, గాయము, అతిశ్రమ, విషము – కారణమేదైనను దేహము దానికి ఎదురు నిలుచు తీరు ఒక్కటియేనని ఆయన చూపెను. మొదట దేహము ఉలికిపడును. పిదప తట్టుకొని నిలుచును. భారము తొలగనిచో తుదకు అలసి కూలును. ఒత్తిడియంతయు చెడ్డది కాదనియు ఆయనయే తరువాత చెప్పెను. దూరమున నున్న బిడ్డ ఇంటికి వచ్చుచున్నదన్న తొందరలోను గుండె వేగముగనే కొట్టుకొనును. ఆ వేగము మేలుచేయునది. బిడ్డ వచ్చి కూర్చుండగానే శాంతించును. శాంతింపని వేగమే రోగమునకు దారి.

మరియొక విశేషము గలదు. 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అను ఇద్దరు మానసిక వైద్యులు జీవితమున మనుష్యుని కుదిపివేయు 43 సంఘటనలను పట్టికగ వ్రాసి ఒక్కొక్కదానికి ఒక్కొక్క తూనిక వేసిరి. భార్యాభర్తలలో ఒకరు గతించుట అన్నిటికంటె బరువైనది, దానికి 100. ఆ పట్టిక చివరి వరుసలలో క్రిస్మస్ పండుగయు కలదు, దానికి 12. పండుగను కష్టముల పట్టికలో చేర్చుట వింతగ తోచవచ్చును. కాని ఆ పట్టికలోనే బంధువుల కలయికలలో మార్పునకు 15, తిండి అలవాట్ల మార్పునకు 15, నిద్ర మార్పునకు 16, అత్తవారి తరపు చిక్కులకు 29 వేసియున్నారు. సంక్రాంతి వారమున ఒక కోడలికి ఈ అయిదును కలిసియే వచ్చును. కూడి చూచినచో 87. ఇవి అమెరికా వారి బ్రతుకును చూచి వేసిన అంకెలు. కోటబొమ్మాళి కోడలి నడిగియుండినచో అత్తవారి పద్దుకు ఇరువదితొమ్మిది చాలవని చెప్పెడిదేమో. ఎట్లయినను వారి లెక్కలోని సారము గ్రహింపదగినది. ఏ ఒక్క భారమును పెద్దది కాదు. చిన్నవన్నియు ఒకే వారమున ఒకే తలపై పడుటయే పెద్దది.

ఆ తల ఎవరిదో చూడుడు. సంక్రాంతినాడు ఒక లింగాయత గృహమున తెల్లవారుజామున నాలుగు గంటలకు గృహిణి లేచును. వాకిట కళ్ళాపి చల్లి ముగ్గు తీర్చును. పిల్లల తలంట్లకు నీళ్ళు కాచును. తడి బియ్యపు పిండికి బెల్లపు పాకము పట్టి అరిసెలు వత్తుట, పోకుండలు వేయించుట, గారెలకు పప్పు రుబ్బుట – పాకము ముదిరిన అరిసె రాయియగును, లేతదైన విరిగిపోవును. కన్ను త్రిప్పుటకు వీలులేని పని. ఇంతలో జంగమదేవర గంట మ్రోగించుచు వాకిట నిలుచును. లోపల పురుషులు స్నానముచేసి విభూతి ధరించి, ఇష్టలింగమును కరమున నుంచుకొని నిమ్మళముగ పూజ ముగించి ప్రసాదమునకు కూర్చుందురు. వారికి వడ్డించు ఆమె మెడయందును లింగమున్నది. ఆ లింగమునకు పూజ ఇంకను కాలేదు. పూజ కానిది ఆమె మంచినీళ్ళయినను ముట్టదు. బంధువుల పంక్తులు లేచి, అంట్లు తీసి, ఆమె స్నానమునకు లేచునప్పటికి మధ్యాహ్నము రెండు గంటలు.

నాలుగు నుండి రెండు వరకు పది గంటలు. నిరాహారము, నిర్జలము, పొయ్యి సెగ. అప్పుడు తల దిమ్మెక్కుట, చేతులు వణకుట, చిన్న మాటకే కన్నీరు వచ్చుట ఆమె స్వభావదోషము కాదు. ఆ సమయమున పుట్టు కోపము అల్లునిపై చూపరానిది, అత్తగారిపై చూపరానిది. కావున పిల్లవాని వీపుపై పడును. పండుగనాడు పిల్లలు దెబ్బలు తినుటకు కారణము వెదకినచో పెక్కు ఇండ్లలో ఈ పది గంటలే దొరకును. చక్కెర వ్యాధికి మందు వాడుచున్న స్త్రీకి ఇది కోపముతో పోవునది కాదు. మందు వేసికొని ఆహారము తినకున్నచో రక్తమున చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు స్త్రీకిని పురుషునికిని భేదము లేక లింగధారణాధికారమును నిలిపెను. ఏడాదియంతయు నిలిచిన ఆ అధికారము పండుగనాడే చేజారుట విచారింపదగిన సంగతి. దీనికి మార్గము చిక్కైనది కాదు. పొయ్యి వెలిగించుటకు ముందే ఆమె పూజ కావలెను. పావుగంట చాలును. అరచేతి లింగముపై చూపు నిలిపి కూర్చున్నప్పుడు ఊపిరి తనంతట నెమ్మదించును. నెమ్మదిగ తీసి విడుచు ఊపిరి గుండె వేగమును తగ్గించుననుట వైద్యులును ఒప్పిన మాట. పూజానంతరము ఇంత ఫలహారము, గ్లాసెడు నీళ్ళు. ఆ పావుగంట సేపు పాలు పొంగకుండ చూచుటకు ఇంటిలో మరియొకరు లేరా? అత్తగారు ఈ మాట తన నోట చెప్పినచో కోడలు సంకోచింపదు. కోడలు తనకు తాను అడుగుకొనవలసిన స్థితి యుండరాదు.

సాయంకాలమునకు నడుము పట్టును. వీథి చివరి దుకాణము నుండి నొప్పి బిళ్ళ తెప్పించి మ్రింగి మరల పనిలో దిగుట అలవాటైనది. ఇచట కొంచెము ఆగవలెను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి బిళ్ళలు మూత్రపిండములకు పోవు రక్తమును తగ్గించును; నీరు త్రాగక ఒడలు ఎండియున్నవేళ ఆ హాని హెచ్చును. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్ల దీపములార్పినదో ఈ జిల్లావారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వ్యాధికి మూలకారణము ఇదియేయని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పలేదు గాని, నొప్పి బిళ్ళలను వైద్యుని మాట లేక వాడవలదని మాత్రము గట్టిగ చెప్పుచున్నారు. నడుము నొప్పికి మొదటి మందు నడుము వాల్చుట. పండుగ మూడు దినములలోను మధ్యాహ్నము ఒక గంట సేపు తలుపు దగ్గరగ వేసి ఆమెను నిదురపోనిచ్చిన ఇంటికి బిళ్ళల ఖర్చు కలుగదు.

ఇక పని తగ్గవలెనన్నచో కొలత తగ్గవలెను. కొలత ఎవరు నిర్ణయింపవలెను అను ప్రశ్నకు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల చరిత్రయందు సమాధానము గలదు. కళ్యాణ నగరమున బసవేశ్వరుని ముంగిట చెదరిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. కన్నడమున 'అక్కి' యనగా బియ్యము. ఏరిన బియ్యమును బట్టియే ఆయనకు ఆ పేరు వచ్చినది. ఆ గింజలను వండియే ఆయన భార్య లక్కమ్మ జంగములకు దాసోహము నడపుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె హెచ్చుగ తెచ్చెను. లక్కమ్మ మూటను చూచి సంతోషింపలేదు. ఈ ఆశ యెందులకు కలిగెనని అడిగి, చాలినంత ఉంచుకొని మిక్కిలినది తిరిగి ఆ వాకిటనే పోసి రమ్మనెను. మారయ్య పోసి వచ్చెను.

ఈ కథను దురాశ కూడదని చెప్పుటకే సాధారణముగ వాడుదురు. అందు మరియొక అర్థమును గలదు. చాలునని చెప్పినది వండు చేయి. బియ్యము ఏరినవాడు కాదు, తినవచ్చినవారు కాదు, ప్రక్కయింటివారు కాదు. ఎన్ని గింజలకు ఎంత నీరు, ఎంత కట్టె, ఎంత శ్రమ అని ఎరిగినది ఆమె. ఆమె మాటకు మారయ్య ఎదురాడలేదు; దాసోహమును ఆగలేదు. నేటి ఇండ్లలో ఈ క్రమము తలక్రిందులైనది. అరిసెలకు బియ్యము ఎన్ని కిలోలు పోయవలెనో పురుషుడు నిర్ణయించును. అతడు నిర్ణయించుట తన ఆకలిని బట్టి కాదు, గత సంవత్సరము తోడల్లుని యింట చూచిన డబ్బాలను బట్టి. ఆ డబ్బాలు మాఘమాసము వరకు అటకపై నుండి తుదకు పనివారికి పోవుచుండుట అందరికి తెలిసినదే.

సొమ్ము విషయమునను ఇదియే రీతి. ఖరీఫు ధాన్యము కళ్ళము దాటి, సొమ్ము రైతు చేతికి అందులోపలనే తరచుగ పండుగ వచ్చిపడును. బట్టలకు, సున్నమునకు, అల్లుని మర్యాదకు నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి ఇరువది వేలు తెచ్చినచో నెలకు 600 రూపాయలు. మరుసటి సంక్రాంతికి వడ్డీయే 7,200. అసలు అట్లే నిలుచును. దానిపై మరల క్రొత్త అప్పు. అప్పుచేసి పప్పుకూడు తినుట యనునది ఇదియే. ఉగాది నుండి నెలకు 500 చొప్పున డ్వాక్రా సంఘమునందో పోస్టాఫీసునందో వేసినవానికి పుష్యమాసమునకు అయిదు వేలు చేత నుండును. ఇరువది వేల పండుగ అయిదు వేలకు దిగునా అని అడుగువారుందురు. దిగదు. కాని ఏది మానవలెనో అప్పుడు తెలియును. కార్తిక పౌర్ణమి నాటికి ఆలుమగలు కూర్చుండి ఒక కాగితముపై చేయదలచినవి వ్రాసి, చేతనున్న సొమ్మును దాని ప్రక్కన వ్రాసి, మించినవాటిని కొట్టివేయుట మంచి పద్ధతి. కొట్టివేయునప్పుడు కలుగు బాధ ఒక్క సాయంకాలపుది. అప్పు బాధ ఏడాదిది. అల్లునికి పెట్టు బట్టల విషయమున మామగారే ముందుగ నోరువిప్పి 'ఈ యేడు ఇంతే' యని చెప్పినచో చాలమంది అల్లుళ్ళు లోలోపల తేలికపడుదురు. వారికిని చెల్లెళ్ళున్నారు, వారికిని మర్యాదలు జరుపవలసి యున్నది.

కావడి మోయువానిని చూచినవారికి ఒక సంగతి తెలియును. ఒకే బరువును నెత్తిపై పెట్టినచో మెడ విరుగును. రెండు తట్టలకు సగముగ పంచి భుజమున వేసినచో క్రోసు నడచును. ఇంటి పనియు అట్టిదే. కాయకములో హెచ్చుతగ్గులు లేవని చెప్పు సంప్రదాయమున పుట్టిన పురుషుడు అంట్లు తోముటకు, పిండి జల్లించుటకు సిగ్గుపడుట తన ధర్మమును తానే కాదనుట. మఠములును ఈ పనికి తోడుపడవచ్చును. పది కుటుంబములకు పది వంటశాలలలో పొగలేచుటకంటె, కనుమనాడు మఠ ప్రాంగణమున ఒకే పొయ్యిపై దాసోహము జరిగి, వంతులవారీగ పురుషులు వండి స్త్రీలకు వడ్డించినచో ఆ ఒక్క దినమైనను వారికి నిజమగు పండుగ. ఒంటరిగ నున్న వృద్ధులును, పుట్టింటికి పోలేని కోడండ్రును ఆ పంక్తిలో కలియుదురు.

దూరమున నున్న పిల్లల రాక మరియొక చిక్కు. హైదరాబాదు, చెన్నై, విశాఖలలో కూలికిని కొలువునకును పోయినవారందరును ఒకే రెండు దినములలో రైలెక్కవలెను. రిజర్వేషను గడువు పూర్వము 120 దినములుండెడిది. 2024 నవంబరు 1 నుండి 60 దినములైనది. అనగా సంక్రాంతి ప్రయాణపు టిక్కెట్టు నవంబరు నడుమ పుట్టును, నిమిషములలో తీరిపోవును. దొరకనివాడు పెట్టెలో వాకిలి దగ్గర రాత్రియంతయు నిలువుకాళ్ళపై వచ్చి, ఇల్లు చేరి, రెండవనాటికే తిరుగు ప్రయాణపు దిగులులో పడును. తల్లి మనస్సులో ఒక లెక్క యుండును: భోగికి రాని కొడుకు ప్రేమ లేనివాడు. కొడుకు మనస్సులో వేరొక లెక్క: సెలవు రెండు దినములు, ఖర్చు అయిదు వేలు. ఇద్దరును తమ లెక్క చెప్పుకొనరు. అందుచే ఇద్దరును నొచ్చుకొందురు. ఒకయేడు సంక్రాంతికి, ఒకయేడు శివరాత్రికి వత్తునని కొడుకు ముందే చెప్పి, చెప్పిన మాట నిలుపుకొన్నచో తల్లి ఎదురుచూపునకు ఒక హద్దు ఏర్పడును. హద్దులేని ఎదురుచూపే గుండెను తినునది.

ఈ సీమలో పండుగల కాలమే తుపానుల కాలము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము వద్ద తీరము దాటినప్పుడు దసరా వాకిటనే యున్నది. 2014లో సరిగ అదే తేదీన హుద్‌హుద్ విశాఖను ఊడ్చినది. దీపావళికి పదిపదకొండు దినములే మిగిలియుండెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరమెక్కినప్పుడు శరన్నవరాత్రులు అప్పుడే ఆరంభమైనవి. ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరగినవి. పల్లెలు దినముల తరబడి చీకటిలో నుండినవి. కొబ్బరిచెట్టు పడినచో మరల కాపునకు సంవత్సరములు కావలెను. అట్టి యేట చిన్న పండుగ చేసికొన్నవానిని వేలెత్తి చూపువారుండరు. అందరికిని లేని యేడు లేమి సిగ్గు కాదు. దీనిని బట్టి చూడగా పండుగ భారమున సగపాలు పిండివంటలది కాదు, ఇరుగుపొరుగు చూపులదియని తేలుచున్నది. తుపాను లేని యేడు కూడ ఒక ఇంట తుపాను వచ్చియుండవచ్చును. ఆ యింటి చిన్న పండుగను ఊరు అదే కన్నుతో చూచినచో ఎంత మేలు!

ఏలయన, కొన్ని ఇండ్లలో పండుగనాడు ఒక పీట ఖాళీగ నుండును. ఈ జిల్లా తీరపు మత్స్యకారులు గుజరాతులోని వెరావలు రేవునకు పోయి పడవలపై పనిచేయుచుందురు. 2018 చివర అట్లు వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాను వారు సముద్రమున పట్టుకొనిరి. వారిలో ఇరువది మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దున విడుదలైరి. నడుమ వచ్చిన 2019 సంక్రాంతి వారి ఇండ్ల కెట్లు గడచినదో ఊహింపదగినదే. ఆ యింట వాకిట ముగ్గు లేదని అడుగుటయు, 'మరచిపోయి నలుగురితో నవ్వుము' అని బోధించుటయు ఓదార్పు కాదు. ఆ సంవత్సరమే భర్తను కోల్పోయిన స్త్రీకిని, వారమునకు రెండు మూడు మారులు పలాసకు రక్తశుద్ధికి పోవు రోగి యున్న ఇంటికిని ఇదియే వర్తించును. డయాలిసిస్ వంతు పండుగనాడు వచ్చినను పోక తప్పదు. వారి ఇంటికి అరిసెల పళ్ళెరము పంపుటకంటె, రోగి వెంట ఒకరు పోయి ఆ నాలుగు గంటలు కూర్చుండి, ఇంటివారిని ఆ పూట విశ్రమింపనిచ్చుట పెద్ద దాసోహము.

అలసట వేరు, రోగము వేరు. పండుగ ముగిసి రెండు వారములు గడచినను నిద్ర రాకుండుట, అన్నము హితవు కాకుండుట, ఎవరితోను మాటలాడక మూల కూర్చుండుట, బ్రతుకు వ్యర్థమను మాట నోట వచ్చుట – ఇవి విసుగు కావు. దృష్టిదోషమని తాయెత్తు కట్టి ఊరకుండరాదు. అట్టి మాట ఒక్కసారి వినబడినను ఆ మనిషిని ఒంటరిగ విడువక, తిట్టక, వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను సహాయ కేంద్రమును ఆరంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్ళు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును, రుసుము లేదు. క్రొత్త పంచాంగము ఇంటికి వచ్చిననాడే దాని అట్ట లోపలివైపున ఈ సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసి ఉంచుకొన్నచో, అవసరము వచ్చినప్పుడు వెదకుకొనవలసిన పనియుండదు.